మేకు కింద ఖాళీ

ఫిబ్రవరి 4

పిచ్చుకమ్మకి,

నీ వదిన రాసేది. నీ మోకాలి నొప్పి తగ్గిందని ఆశపడను కానీ, దాని గురించి గంటసేపు చెప్పే ఓపిక మాత్రం నీకు తగ్గి ఉండదని నా నమ్మకం.

మీ అన్నయ్య పోయి నిన్నటికి నాలుగు నెలలు. నిన్న ఫోన్ చెయ్యలేదని అలగకు. ఫోన్ ఎత్తగానే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేనూ ఏడుస్తాను, చెప్పాలనుకున్న మాట గొంతులోనే ఉండిపోతుంది. ఉత్తరమైతే ఎవరి ఏడుపు వాళ్ళం ఏడ్చుకుని, ముక్కు తుడుచుకుని, మిగతాది రాసుకోవచ్చు. పైగా ఆయన ప్రెస్సు నుంచి తెచ్చిన మిగులు కాగితాలు కట్టలు కట్టలుగా పడున్నాయి. అవీ అవ్వాలిగా.

ఇంతకీ విషయం ఏమిటంటే, ఇల్లు ఖాళీ చేస్తున్నాను. గుండె పట్టుకోకు, నేనెక్కడికీ పోవడం లేదు. ఇంట్లో ఉన్నవి తగ్గిస్తున్నాను, అంతే. రెండు బీరువాల్లో ఒకటి వెళ్ళిపోయింది. పరుపు చుట్టలు వెళ్ళిపోయాయి. పిల్లలు లేని ఇంట్లో ఇద్దరు మనుషులకి పద్దెనిమిది గ్లాసులు ఎందుకు కొన్నామో, ఎవరొస్తారని ఎదురుచూశామో, తల్చుకుంటే నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. రెండు ఉంచాను. ఒకటి నాకు, ఒకటి నువ్వొస్తే నీకు.

మీ అన్నయ్య వస్తువుల్లో నీకేమైనా కావాలంటే రెండు వారాల్లో రాయి. అన్నీ అని మాత్రం రాయకు. నీ ఇంట్లో ఇప్పటికే మనిషి పక్కకి తిరిగి నడవాలి.

ఇప్పటికి ఇంతే,
నీ వదిన


ఫిబ్రవరి 13

వదినా,

నీ ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు మర్చిపోయాను. గిన్నె మాడింది. మాడిన గిన్నెని కూడా పారెయ్యను, నీకు తెలుసుగా. మా ఆయన "ఆ గిన్నెకి పేరు పెట్టి పెంచుకో" అన్నారు. ఈయనకి వేళాకోళానికి వేళాపాళా ఉండదు.

నాలుగు నెలలకేనా వదినా? తడి ఆరనైనా ఆరలేదు. నేనింకా ఆ ఇంటికొస్తే అన్నయ్య నడవలో పేము కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, "ఏం మోసుకొచ్చావే పిచ్చుకా?" అంటాడనే అనుకుంటాను. నాకు ఆ పేరు పెట్టిందే వాడు. దారిలో దొరికిన గుండీ, గాజుముక్క, తాడుముక్క, ఏదైనా తెచ్చి మూలన దాచుకునేదాన్నని.

నీకెప్పుడైనా చెప్పానో లేదో. నాకు తొమ్మిదేళ్ళప్పుడు వాడు కొత్తగా ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరాడు. నేను చూడ్డానికెళ్ళాను. ముందు పెద్ద చెక్క అర, దాని నిండా చిన్న చిన్న గళ్ళు, గడికో అక్షరం. వాడు రాతకాగితం మీదే చూపు పెట్టి, చేత్తో చకచకా సీసపు అక్షరాలు ఏరుతున్నాడు. ఒక్కసారి కూడా గడివైపు చూడలేదు! చెయ్యే వెళ్ళి తెచ్చుకుంటోంది. ఎక్కువ వాడేవి చేతి దగ్గర, తక్కువ వాడేవి దూరంగా. నేను నాలుగు అక్షరాలు జేబులో వేసుకుని, భయమేసి, తిరిగి ఏదో ఒక గడిలో పడేశాను. మర్నాడు అచ్చయిన కాగితం నిండా తప్పులే. యజమాని వాణ్ణి అందరి ముందూ తిట్టాడు. వాడు నన్ను ఏమీ అనలేదు. "తియ్యడం తప్పు కాదే పిచ్చుకా, వేరే గడిలో పెట్టడం తప్పు" అన్నాడు. అంతే.

అలాంటివాడి ఇల్లు వదినా అది. నాకేమీ వద్దు. కుర్చీ నడవలోనే ఉండనీ, గడియారం గోడనే ఉండనీ. నేనెప్పుడైనా వచ్చి ఆ కుర్చీ పక్కన ఓ గంట కూర్చుని వెళ్తాను. నాకు అన్నయ్య మిగిలింది ఆ ఇంట్లోనే. అదొక్కటీ ఉంచు.

నీ పిచ్చుక


ఫిబ్రవరి 22

పిచ్చుకమ్మకి,

నీ ఉత్తరం వచ్చేసరికే కుర్చీ వెళ్ళిపోయింది. ప్రెస్సులో మీ అన్నయ్యతో పనిచేసిన బైండరు తాతకి ఇచ్చాను. పాపం ఆయనకి నడుం నొప్పి. కుర్చీ నడవలో దారికి అడ్డంగా ఉంది.

గడియారం గోడ మీదే ఉంది. అది గంట కొడుతుంది కాబట్టి ఉంచాను.

బాధపడకు. కారణం ఉంది. నెమ్మదిగా చెబుతాను.

నీ వదిన


మార్చి 3

వదినగారికి,

నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. మా అన్నయ్య ముప్ఫై ఏళ్ళు కూర్చున్న కుర్చీ మీ దారికి అడ్డమొచ్చిందని తెలిసింది. సంతోషం. రేపు నేనొస్తే నేనూ అడ్డమేనేమో, ముందే కనుక్కుని వస్తాను.

మరొకటి కూడా గమనించాను. నాకు రాయడం కూడా మీకు బరువైపోయినట్టుంది. పేజీకి ఏడు వరసలు, గోడల మీద నినాదాల్లా అంతేసి అక్షరాలు. నాలుగు మాటలకే కాగితం నిండిపోతే ఇంకేం రాయనక్కర్లేదనా? ఇల్లే కాదు, ఉత్తరాలు కూడా ఖాళీ చేస్తున్నారన్నమాట.

నేను మోటుమనిషిని. మనసులో ఒకటి పెట్టుకుని పైకొకటి రాయలేను. నాకు కోపంగా ఉంది. మనిషి పోతే ఏడవాలి గానీ ఇల్లు సర్దుకోవడమేమిటి? మా అన్నయ్యని ఒక్కొక్క వస్తువుగా బయటికి పంపేస్తున్నారు మీరు. మీకు నొప్పి లేదా?

ఇట్లు,
మీ ఆడపడుచు


మార్చి 15

పిచ్చుకమ్మకి,

నువ్వు నన్ను 'మీరు' అనడం ఇదే మొదటిసారి. దానికంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

నాకు నొప్పి ఉంది. రాస్తే తరిగేది కాదు.

20వ తేదీ నుంచి పది రోజులు ఊళ్ళో ఉండను. చిన్న పని. కింద అద్దెకుండే దర్జీ అమ్మాయి కూడా నాతో వస్తోంది. తిరిగొచ్చాక నువ్వు రా, ఎదురెదురుగా కూర్చుని అన్నీ చెబుతాను. ఆ పది రోజుల్లో మాత్రం రాకు.

అక్షరాలు పెద్దవంటున్నావు. కాగితం పెద్దది, అందుకే.

నీ వదిన


మార్చి 26

వదినా, వదినా, నా బంగారు వదినా,

ఇది చదివే ముందు ఒకసారి ఇల్లంతా చూసిరా. చూశావా? ఇప్పుడు కూర్చో. ఎక్కడ కూర్చుంటావు? అన్నయ్య కుర్చీలో!

రావద్దన్నావు, వచ్చాను. నా గురించి తెలిసీ రావద్దని రాయడం నీదే తప్పు. మొదట ఉడుక్కున్నాను. దర్జీ పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళే పని ఆడపడుచుకి చెప్పకూడదా, ఇల్లు అమ్మేస్తోందా ఏమిటని. మా ఆయనతో పోట్లాడాను, మధ్యలో ఆయనేం చేశారు పాపం. తర్వాత పడుకుని ఆలోచించాను. నువ్వు ఆ వస్తువులు చూడలేక పంపించేస్తున్నావు, ఒంటరిగా ఉండి ఉండి మనసు రాయైపోయిందనిపించింది. నిన్ను ఆ మాటలన్నందుకు నా నోరు పడిపోను. దిద్దుకుందామని బయల్దేరాను. అన్నయ్య ఎప్పుడో ఇచ్చిన తాళంచెవి నా దగ్గరుందిగా.

ఇల్లు చూసి గుమ్మంలోనే ఏడ్చాను. హాలు బోసిగా, నడవ బోసిగా. బైండరు తాత దగ్గరికెళ్ళి కాళ్ళూ చేతులూ పట్టుకుని కుర్చీ తెచ్చాను. నడవలో పాత చోటే వేశాను. ముందు వాడు కాళ్ళు పెట్టుకునే ముక్కాలి పీట. నేను దాచుకున్న అన్నయ్య సామాను ఒక పెట్టె నిండా తెచ్చాను, దాన్ని మంచం పక్కన పెట్టాను.

వంటగది చూస్తే నవ్వొచ్చింది. డబ్బాలన్నీ పొయ్యి చుట్టూ అడ్డదిడ్డంగా! ఉప్పు పక్కన చక్కెర, వాటి పక్కన సబ్బు పొడి. శుభ్రంగా తుడిచి, పై అరలో పెద్దవి వెనక, చిన్నవి ముందు, మా అమ్మ పేర్చినట్టు పేర్చాను. డబ్బాల మెడలకి ఎవరు కట్టారో మైనం పూసిన తాడుముక్కలు, వాటికి ముళ్ళు. అన్నయ్య కర్మలకి వచ్చినప్పుడు జనంలో నేను గమనించలేదు. అన్నీ తెంపేశాను. నడవలో తలుపు దగ్గర్నుంచి మంచం దాకా, అక్కణ్ణుంచి స్నానాలగది దాకా నడుమెత్తులో తాడు కట్టి ఉంది. ఇంట్లో బట్టలారేసుకోవడమేమిటి వదినా, చూడ్డానికేం బాగుంటుంది? అదీ తెంపాను. అన్నీ బయట పారేశాను. చూశావా, నాకూ పారెయ్యడం వచ్చు!

రెండు రోజులు పట్టింది. మోకాళ్ళు పోయాయి. పోతే పోయాయి, నువ్వు తలుపు తియ్యగానే అన్నయ్య ఉన్నప్పటి ఇల్లు కనిపించాలి, అంతే నాకు కావలసింది. ఈ ఉత్తరం తలుపు కింద నుంచి పడేసి ఉంటుంది, కుర్చీలో కూర్చుని చదువుకో. చదివి నన్ను క్షమించానని ఒక్క ముక్క రాయి. ఎంత పెద్ద అక్షరాలతో రాసినా సరే.

నీ పిచ్చుక, పిచ్చిది


ఏప్రిల్ 6

పిచ్చుకమ్మకి,

ఈ చేతిరాత నాది కాదు. నేను చెబుతుంటే దర్జీ అమ్మాయి రాస్తోంది. ఒక్క మాట మార్చకుండా రాయమన్నాను. నా కుడి మణికట్టు విరిగింది. విరక్కపోయినా ఇక నేను రాయలేను.

నాకు చూపు పోతోంది. రెండేళ్ళయింది మొదలై. చుట్టూ నుంచి మూసుకుంటూ వచ్చి, చివరికి తాళంచెవి కన్నమంత మిగిలింది. అందుకే పెద్ద అక్షరాలు. మీ అన్నయ్యకి తెలుసు, డాక్టరుకి తెలుసు, ఈ అమ్మాయికి తెలుసు. నీకు చెప్పొద్దన్నది ఆయనే. "పిచ్చుక తట్టుకోలేదు, నిన్ను మోసుకుపోయి తన గూట్లో పెట్టుకుంటుంది, ఆ సామాన్ల మధ్య నువ్వు రోజూ పడతావు" అన్నారు. ఆయన పోయాక, అన్న పోయిన దుఃఖం మీద ఇది కూడా ఎందుకని నేను చెప్పలేదు. ఆపరేషన్ అయితే మిగిలింది నిలుస్తుందన్నారు. అది చేయించుకుని, బాగుందని చెప్పి నిన్ను నవ్విద్దామనుకున్నాను. 'చిన్న పని' అదే. నిలవలేదు. ఇప్పుడు కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే.

మూడు గంటలకి ఇంటికొచ్చాం. ఈ అమ్మాయి పైదాకా వస్తానంది. నా ఇంట్లో నాకు తోడెందుకు, పోయి నీ కొట్టు తెరుచుకో అన్నాను. నాకంత ధీమా. తలుపు నుంచి మంచం దాకా పదకొండు అడుగులు, నడవలో కుడిచేతికి తాడు. చెయ్యి చాపాను. తాడు లేదు. ఇల్లు మారిపోయానా అనుకున్నాను. రెండో అడుగుకి పీట, ఆ పైన కుర్చీ. పడ్డాను. నా ఇంట్లో నేనెక్కడున్నానో తెలియక, గడియారం నాలుగు కొట్టేదాకా నేల మీదే ఉన్నాను. ఆ గంట విన్నాక అటు గోడ అని తెలిసింది.

ఆ తాళ్ళు బట్టలకి కాదే. ప్రెస్సులో కూర్చిన పేజీ చెదిరిపోకుండా చుట్టూ కట్టే తాడు అది. మీ అన్నయ్య తెచ్చి, పోవడానికి ముందు ఆరు నెలలు కూర్చుని, ఇల్లంతా నా చేతికి కూర్చారు. "నేను నలభై ఏళ్ళు గడి చూడకుండా అక్షరం తీశాను, నువ్వు అర చూడకుండా ఉప్పు తియ్యలేవా?" అన్నారు. ఎక్కువ వాడేవి చేతి దగ్గర, తక్కువ వాడేవి దూరం. ఒక ముడి ఉప్పు, రెండు చక్కెర, మూడు టీ పొడి, నాలుగు సబ్బు పొడి, ఐదు మందులు. కళ్ళు మూసి నన్ను రోజూ నడిపించేవారు. తప్పితే నవ్వేవారు. అడ్డమొచ్చే సామాను ఎవరికివ్వాలో కూడా ఆయనే చెప్పారు. కుర్చీ బైండరు తాతకి ఇమ్మన్నదీ ఆయనే. సగంలో ఉండగా గుండె ఆగిపోయింది. ఆయన వదిలేసిన సగం నేను పూర్తి చేశాను. నువ్వు సర్దడమన్నది అదే.

నిన్న ఈ అమ్మాయి లేనప్పుడు టీ పెట్టుకోబోయి సబ్బు పొడి వేసుకున్నాను. ఒక గుక్క తాగాక తెలిసింది. నవ్వుకో, నవ్వొచ్చే సంగతే.

నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. చాలా కోపం వచ్చింది. పడినందుకు కాదు. పొద్దున్నే లేచి ఉప్పు డబ్బా ముట్టుకుంటే ఆయన వేసిన ముడి తగిలేది. ఆయన వేళ్ళు బిగించిన ముడి. నాకు ఆయన ఫొటో అక్కర్లేదు, కనబడదు. కుర్చీ అక్కర్లేదు. నాకు ఆయన మిగిలింది ఆ తాళ్ళలో. అవి బయట పారేశానని రాశావు.

(ఇక్కడ పెద్దమ్మ ఉప్పు డబ్బా తెమ్మని, దాని మెడ తడిమి చూసుకుంది. - రాసేది)

నువ్వు ప్రేమతోనే చేశావు. అది నాకు తెలుసు. తెలిసినా ఏడుపు ఆగడం లేదు.

నీ వదిన


ఏప్రిల్ 12

వదినా,

దర్జీ అమ్మాయీ, నువ్వే కదా చదివి వినిపిస్తున్నావు, నేను ఏడ్చిన చోట నువ్వు ఏడవకు. గట్టిగా చదువు.

వదినా, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నేను అదే చేశాను. తొమ్మిదేళ్ళప్పుడు వాడి అక్షరాలు వేరే గడిలో పడేశాను. అరవై రెండేళ్ళొచ్చాక వాడి చివరి పేజీ మొత్తం చెదరగొట్టాను. అప్పుడు వాడున్నాడు, తియ్యడం తప్పు కాదన్నాడు. ఇప్పుడెవరంటారు? 'అన్నయ్యని ఒక్కొక్క వస్తువుగా పంపేస్తున్నారు' అని నీకు రాసిన చేతులతోనే, వాణ్ణి కత్తెర పెట్టి తెంపాను. నీ మణికట్టు నేనే విరగ్గొట్టాను వదినా.

ఒక్కటి విను. పారేశానని రాశాను కదా, అబద్ధం. నువ్వు మెచ్చుకుంటావని గొప్పకి రాశాను. నేను పుట్టి బుద్ధెరిగాక ఏదైనా పారేశానా? తాడు గట్టిగా ఉంది, దేనికైనా పనికొస్తుందని చేతిసంచిలో వేసుకొచ్చాను. అన్నీ నా దగ్గరే ఉన్నాయి! నీ ఉత్తరం చదవగానే సంచి మంచం మీద బోర్లించాను. ఒక్క ముడి కూడా విప్పలేదు. మెడల దగ్గర తెంపాను గానీ ముళ్ళు వాడు వేసినవి వేసినట్టే ఉన్నాయి. నడవ తాడు మాత్రం మూడు ముక్కలైంది.

కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమాను. మా ఆయన వచ్చి చూశారు. తర్వాత తనంతట తనే మా నడవలో సామాను మోసుకెళ్ళి బయట పెట్టడం మొదలుపెట్టారు. నేను ఆపలేదు. నువ్వు ఎప్పుడైనా రావాలంటే దారి ఉండాలిగా.

20న వస్తున్నాను. నువ్వు మంచం మీద కూర్చుని చెప్పు, నేను కడతాను. నా సొంత తెలివితో ఒక్క గరిటె కూడా కదపను, ఒట్టు. కుర్చీ బైండరు తాతకి తిరిగి ఇచ్చేస్తాను.

ఐదు డబ్బాల తాళ్ళు వరసగా పెట్టాను. ఇంకొకటి మిగిలింది. పొట్టిది, దానికి ఆరు ముళ్ళున్నాయి. దేన్నుంచి తెంపానో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. అది దేనికి వదినా?

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.

పిచ్చుక


ఏప్రిల్ 16

పిచ్చుకమ్మకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. సంచి బోర్లించిన చోటు ఇంకో రెండుసార్లు. నువ్వు ఏదీ పారెయ్యవని నిన్ను ఎన్నిసార్లు వెక్కిరించానో, అన్ని వెక్కిరింతలూ వెనక్కి తీసుకుంటున్నాను.

చిన్న కత్తెర తెచ్చుకో, ఇక్కడిది మొద్దుబారింది. డబ్బాలు పొయ్యికి కుడిపక్క, ఉప్పు అన్నిటికంటే దగ్గర. మందులు చివర, గోడకి ఆనించి. నువ్వు మా అత్తగారిలా పేరిస్తే ఈసారి నిజంగానే మీరు అని పిలుస్తాను.

నడవ తాడు కొత్తది కొనకు. మూడు ముక్కలూ కలిపి కట్టు. మధ్యలో రెండు ముళ్ళొస్తాయి, రానీ. నడుస్తూ చెయ్యి అక్కడికి చేరినప్పుడు, ఇక్కడ పిచ్చుక తెంపింది, ఇక్కడ పిచ్చుక కట్టింది అనుకుంటాను. నిన్ను క్షమించానని ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలీదు.

ఆరు ముళ్ళది అడిగావు. వీధి తలుపు పక్కన, భుజమెత్తులో ఒక మేకుంది. తాడు దానికి వేలాడేది. దాని కింద ఏమీ లేదు. మీ అన్నయ్య పోయిన రోజు పొద్దున్నే ఆ మేకు కొట్టి, ఆ తాడు తగిలించి, నా చెయ్యి పట్టుకెళ్ళి తాకించారు. "ఇది దేనికి?" అన్నాను. "చెబుతాను, ముందు టీ ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. తాగారు. గ్లాసు కింద పెట్టి, అలాగే పక్కకి ఒరిగిపోయారు.

ఆ ఆరోది ఏమిటో నాకు తెలీదు. గొడుగు పెడదామనుకున్నారా, తాళంచెవా, చేతికర్రా, ఇంకేదైనానా, ఎంత ఆలోచించినా తెగలేదు. ఇల్లంతా ఖాళీ చేసిందాన్ని, అక్కడ మాత్రం ఏదీ పెట్టలేకపోయాను. బయటికెళ్ళేటప్పుడూ లోపలికొచ్చేటప్పుడూ ఆ తాడు ముట్టుకుని ఆరూ లెక్కపెట్టేదాన్ని. ఆసుపత్రికి వెళ్ళే రోజు కూడా లెక్కపెట్టాను.

నువ్వు రాగానే ముందు దాన్నే ఆ మేకుకి తగిలించు. డబ్బాల సంగతి తర్వాత చూసుకుందాం. దాని కింద మాత్రం ఏమీ పెట్టకు.

నీ కోసం రెండో గ్లాసు కడిగించి ఉంచాను,
నీ వదిన